తెర మీద గోవిందప్ప

కుప్పం,
1982 మార్చి 3

బయ్యమ్మక్కకు తమ్ముడు చెంగల్రాయుడు రాసుకునేది ఏమంటే, ఈడ నేను బాగుండాను. సినిమా తెర ఒక్కటే బాగాలేదు, బొక్కలు పడినాయి. యాలని అడుగుతావు గదా, సెప్తా ఉండు.

బెంగుళూరు నుంచి ఒక సినిమా రీళ్ల పెట్టె తెచ్చినా. ఇన్నాళ్లూ మన గుడారంలో దేవుళ్ల సినిమాలూ ఏడుపు సినిమాలే గదా ఆడించింది. ఇది కరాటే సినిమా. మొగోళ్లు ఒక మిద్దె మీద నుంచి ఇంకో మిద్దె మీదికి కాకుల మాదిరి ఎగురుతారు. గుద్దు పడకముందే సప్పుడొస్తాది. ఎవడన్నా సచ్చే ముందర గిర్రున తిరిగి, ఒకతూరి ఆకాశం సూసి, అప్పుడు పడతాడు. నెత్తురు సూస్తే గేటుకు పూసే ఎర్రరంగే. కత ఇంతే. ఒక కుర్రోని గురువుకు ఒక ముసిలోడు టీలో విషం కలిపి సంపేస్తాడు. కుర్రోడు కొండెక్కి, కుండలతో నీళ్లు మోసి మోసి కండలు పెంచి, దిగొచ్చి, అడ్డమొచ్చినోళ్లనంతా కొట్టి, కడాకు ఆ ముసిలోణ్ణి సంపి పగ తీర్చుకుంటాడు.

మాటలు ఇంగ్లీషు. నోర్లు ఒక దిక్కు, మాటలు ఒక దిక్కు. మొదటిరోజు జనం రొంతసేపు ఓర్చుకున్నారు. మళ్ల నేల టిక్కెట్టోళ్లు లేసి, "వాడేమంటాండాడో సెప్పు, లేకుంటే గుంజలు పీకుతాం" అన్నారు. ఇంగేం సేసేది? మైకు పట్టుకోని తెర పక్కన నేనే కూర్చున్నా. వాండ్లు నోరు తెరిస్తే నేను మాట్లాడేది.

వాండ్ల పేర్లు నా నోరు తిరగవక్కా. హీరోకు ఏం పేరు పెడదామా అని యోచన సేసే లోపలే వాడు మిద్దె మీద నుంచి దూకేసినాడు. గబుక్కున నా పేరే వచ్చింది. అంతలో ఆ ముసిలోడు దిగినాడు. నడుం దాకా తెల్లజుట్టు, దువ్విందే దువ్వుతాండాడు గడ్డాన్ని, మాటకు ముందర "ఊఁ" అంటాడు. నగొద్దు. నోట్లోనుంచి బావ పేరు దూకేసింది. "ఊఁ! ఈ గోవిందప్ప గడప తొక్కే మొగోడెవడ్రా!" అన్నా.

ఇంగ సూడు జనాన్ని! "కొట్టు రాయుడూ! గోవిందప్ప గడ్డం పీకు రాయుడూ!" ఒకటే ఈలలు. శనక్కాయలమ్మే కుప్పమ్మవ్వ అని ఒకామె ఉండాది. రోజూ వచ్చి ముందర ఇసకలో కూర్చుంటాది. గోవిందప్ప కనపడితే సాలు, పిడికెడు ఇసక తీసి తెరమీద కొట్టి, "మట్టి కొట్టుకోని పోతావురా గోవిందప్పా" అంటాది. తెరకు బొక్కలు పడింది ఆమె ఇసకకు కాదులే, మిగతావోళ్ల చెప్పులకు.

వి.కోట నుంచి బండ్లు కట్టుకోని వస్తాండారు. బావకు మాత్రం సెప్పొద్దు. నా మేనకోడలు కమలాక్షిని అడిగినానను.

నీ తమ్ముడు, కుప్పానికంతా హీరో,
చెంగల్రాయుడు

*

పుంగనూరు,
మార్చి 9

ఒరే రాయుడూ,

నీకు బుద్ధి ఎప్పుడొస్తాదిరా? పొయ్యి కాడ కూర్చోని ఉత్తరం సదువుకుంటా, నగి నగి సంగటి అడుగంటించినా. మాడు వాసనకు మీ బావ లేసొచ్చి "ఏమే?" అంటే, "మా తమ్ముడు బాగుండాడంట" అని ఉత్తరం పొయ్యిలో పెట్టేసినా. అది కాల్తాంటే ఏడుపొచ్చింది.

యాలంటే కమలాక్షికి పెండ్లి కుదిరింది. మదనపల్లె పట్టునూలు యాపారం చెంగయ్య కొడుకు. పిల్లోడు మంచోడు. మే నెల మొదట్లో ముహూర్తం. పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకోని వచ్చేది ఎవరు? మేనమామ. నాకుండేది నువ్వొక్కడివి. నువ్వేమో ఎద్దులమ్మి ఆ గుడారం కొన్న నాటినుంచి మీ బావ నిన్ను గడప తొక్కనియ్యలా. మూడేండ్లాయ. "ఊరూరా గుడారం ఎత్తుకోని తిరిగేవోడు నా కూతుర్ని ఎత్తేదా?" అంటాడు. కమలాక్షి ఏమో "మామ రాకుంటే గంపలో కూర్చోనే కూర్చోను, ఏం సేసుకుంటారో సేసుకోండి" అని మొండికేసింది. ఇద్దరి మధ్యన రోకటి కింద వడ్ల మాదిరి నలగతాండా నేను. నువ్వాడ ఆయప్ప గడ్డం పీకిస్తాండావు. అత్త మీద కోపం దుత్త మీద సూపించినట్ల, బావ మీద కోపం ఆ చీనా ముసిలోని మీదనా? హీరోకు నీ పేరే పెట్టుకున్నావు సూడు, దాంట్లోనే తెలస్తాది నీ కడుపులో ఏముండాదో.

ఇంకోటి విను. నిన్న మీ బావ టమేటా ఏసుకోని మదనపల్లె మండీకి పోయినాడు. ఆడ లారీ మస్తాన్ కనపడి, "గోవిందప్పన్నా, కుప్పంలో నీ పేరు మోగిపోతాండాది. మీ బావమరిది సినిమాలో నీ పేరు పెట్టినాడు. ఊరంతా గోవిందప్పా గోవిందప్పా అని ఒకటే అరుపులు" అన్నాడంట. అంతవరకు సెప్పి మిగతాది మింగేసినాడు, మహానుభావుడు. మీ బావ ఇంటికొచ్చి అద్దం ముందర నిలబడి మీసం దువ్వుకుంటా, "వాడు మంచోడేనే. హీరోకు నా పేరు పెట్టినాడంట" అన్నాడు. నేనేం సెప్పేది? "అవునా" అన్నా. మళ్ల అన్నాడురా, "పోనీలే, గంప వాడినే ఎత్తమను" అని! ఆ ఒక్క మాట కోసరం నేను మొక్కని దేవుడు లేడు.

ఆ ముసిలోని పేరు మార్చెయ్. ఈ పొద్దే.

నీ అక్క,
బయ్యమ్మ

*

కుప్పం,
మార్చి 13

అక్కా,

కమలాక్షి పెండ్లా! మొన్న మొన్న నా భుజాన ఎక్కి జుట్టు పీకిన పిల్ల. గంప నేనే ఎత్తుతా. ఆకాశం ఇరిగి మీద పడినా ఎత్తుతా.

పేరు మార్చమంటివి గదా, మార్చినా. నిన్న మొదటాటలో హీరోను గోవిందప్ప అన్నా, ముసిలోణ్ణి ఊరికే ముసిలోడన్నా. జనం ఊరుకుంటారా? "ఏమిరా, తాగొచ్చినావా? గోవిందప్పను గోవిందప్పే కొడతాడా?" అని లేసినారు. వాండ్లకు నాకంటే బాగా వస్తాదక్కా కత. నేను నోరు తెరవకముందే వాండ్లే మాటలు సెప్పేస్తాండారు. కుప్పమ్మవ్వయితే తెర వదిలేసి ఇసక నామీదికి కొట్టింది. కండ్లు ఇంకా మండతాండాయి. సరే పొమ్మని మళ్ల పాత పేర్లే సెప్పినా.

నువ్వు దిగులుపడొద్దు. మస్తాన్ ఇంగ నోరు తెరవకుండా సూసుకో. బావ మూడేండ్లుగా ఈ దిక్కు మొగం పెట్టలా, ఇప్పుడొస్తాడా? ఈ నెలాఖరుకు పెట్టె బెంగుళూరుకు పంపించేస్తా. గోవిందప్ప లేడు, రాయుడు లేడు. పీడ వదిలిపోతాది.

నీ తమ్ముడు

*

పుంగనూరు,
మార్చి 18

రాయుడూ,

వస్తాండాడ్రా! ఆదివారం మొదటాటకు. ఒక్కడే గాదు, వియ్యంకుణ్ణి గూడా పిలుసుకోని వస్తాండాడు. "కుప్పంలో నా పేరు ఎట్ల మోగతాదో సూస్తువు రా చెంగయ్యా" అన్నాడంట. కొత్త పంచ ఇస్త్రీ సేయించినాడు. కడుపునొప్పన్నా, కమలాక్షికి జరమన్నా. యాడా ఆగేటట్ల లేడు.

తెర చింపెయ్. మిషను కాలిపోయిందను. నువ్వే సచ్చినావని సెప్పించు. ఏమన్నా సెయ్ నాయనా, ఆ ఆట మాత్రం ఆడించొద్దు.

అక్క

*

కుప్పం,
మార్చి 23

అక్కా,

నీ ఉత్తరం సోమారం పొద్దున వచ్చింది. ఆదివారం జరగాల్సిందంతా జరిగిపాయ.

నేను మామూలుగా మైకు కాడ కూర్చున్నా. గుడారం నిండుగా ఉండాది. గురువు టీ తాగి సచ్చినాడు, గోవిందప్ప గడ్డం దువ్వి "ఊఁ" అన్నాడు, జనం "థూ! గోవిందప్పా!" అన్నారు. అప్పుడు తెర తెల్లగా వెలిగింది. ఆ ఎలుతురుకు ముందర కుర్చీలో బావ కనపడినాడు. నవ్వు మొగం మీద అట్లనే ఉండిపోయింది, ఆర్పేది మర్సిపోయిన దీపం మాదిరి. పక్కన చెంగయ్య.

గబుక్కున మైకు నోటికి దగ్గర పెట్టుకున్నా. మైకులో ఏమన్నానో తెలుసా? "ప్రేక్షక మహాశయులారా, ఇంతవరకూ మీరు సూసిన గోవిందప్ప నిజమైన గోవిందప్ప గాదు! ఈడు గోవిందప్ప వేషం ఏసుకున్న దొంగ! నిజమైన గోవిందప్ప మంచోడు, కొండమీద తపస్సు సేసుకుంటాండాడు!" అన్నా.

గుడారం లేసి పడిందక్కా. "మా గోవిందప్ప మాకియ్యి!" అని అరుపులు. "వీడే గోవిందప్ప! పుంగనూరు గోవిందప్ప!" అన్నాడొకడు వెనకనుంచి, తెరమీది ముసిలోణ్ణి సూపించి. పుంగనూరని నేనెప్పుడు సెప్పినానో నాకే గెవనం లేదు. చెంగయ్య నగతాండాడు. పొట్ట పట్టుకోని, కుర్చీలోనుంచి జారి, ఇసకలో కూర్చోని నగతాండాడు.

బావ లేసినాడు. మిషను ముందరే నడిసిపోయినాడు. తెరమీద ఇంత పొడుగు నీడ పడింది, మీసాల్తో సహా. ఆ నీడ సరిగ్గా ముసిలోని మీద పడేసరికి జనం ఇంకా ఈలలు. కుప్పమ్మవ్వకు ఏది తెరో ఏది మనిషో తెలీక ఇసక బావ కొత్త పంచ మీద కొట్టింది. మైకు పారేసి నేను బయటికి పరిగెత్తేసరికి బస్సు కదిలిపాయ.

నేను ఎచ్చులకు పోయి సేసినానక్కా. నీకు తెలుసు నాకు బావంటే కోపమని. కోపమే, కాదనను. కానీ ఆ మొగం మర్సిపోలేకుండా ఉండా. బావకు సెప్పు, కాళ్లమీద పడతాను, కొడితే కొట్టించుకుంటాను. గంప మాత్రం నన్నే ఎత్తనీమను. ఇంగేం అడగను.

రాయుడు

*

పుంగనూరు,
మార్చి 31

ఒరే,

ఉగాది పచ్చడి గూడా నోట్లో పెట్టుకోలా ఆయప్ప. నాలుగు రోజులు గోడ దిక్కు తిరిగి పండుకున్నాడు. ఐదో రోజు లేసి కూర్చోని అడిగినాడు, "బయ్యమ్మా, తెరమీద నేను కనపడితే అంతమంది థూ అన్నారే. నేను అట్లుంటానా?" అని.

అయ్యో లేదు సామీ, నువ్వు బంగారం అనాల్సింది పెండ్లాం. నాకు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో కోపం. "మూడేండ్లు నా తమ్ముణ్ణి ఈ ఇంటికి రానీకుండా సేసినావు. పండగొస్తే నేను తలుపెనక నిలబడి ఏడ్సేది. ఒక్కతూరన్నా యాల ఏడస్తాండావని అడిగినావా? ఆ గుడారంలో నేనుంటే నేనూ ఈలేసుందును!" అన్నా. నాకు ఈలెయ్యను రాదనుకో.

లేసి తువ్వాలు దులిపినాడు. దులిపి, "గంప మీ వి.కోట సిన్నాయన కొడుకు ఎత్తుతాడు. వరసకు వాడూ మేనమామే" అన్నాడు. కమలాక్షి పడసాలలోనుంచే, "నేను నడిసొస్తా, నాకు కాళ్లుండాయి" అనింది. తండ్రీ కూతుర్ల మధ్యన మాటల్లేవు.

చెంగయ్య సమ్మందం ఏం సెడిపోలా, దాని గురించి భయం వద్దు. ఆ మనిషి మదనపల్లె అంతా తిరిగి కత సెప్పి నగతాండాడంట. మండీలో మీ బావ కనపడితే కూలోళ్లు గూడా "ఊఁ" అంటాండారంట. అదొక గోరుసుట్టు మీద రోకటిపోటు.

నిన్న పొద్దున మాటా పలుకూ లేకుండా బస్సెక్కి పోయినాడు. మదనపల్లెకన్నాడు. టమేటా లేదు, సంచి లేదు, నెత్తిన తువ్వాలు కప్పుకోని పోయినాడు. ఇంకా రాలా. ఆడికి గానీ వస్తే, నీకు దండం పెడతా, నువ్వు ఎదురు పడొద్దు. ఆయప్ప చేతిలో కర్ర గూడా ఉండాది.

బయ్యమ్మ

*

కుప్పం,
ఏప్రిల్ 2

అక్కా,

వచ్చింది ఈడికే. కర్రతోనే వచ్చినాడు. కొట్టలా. కూర్చోని ఇను.

మంగళవారం మొదటాట. పెట్టె పంపించేద్దామంటే జనం వదల్లా, నిజం గోవిందప్ప వచ్చి పోయినాడని తెలిసినాక ఇంకా ఎక్కువైనారు. ఎవరో ఒకాయన తువ్వాలు కప్పుకోని ఇసకలో కుప్పమ్మవ్వ పక్కనే కూర్చున్నాడంట. నేను సూడలా. నాకు ఉషారు లేదు, ఏదో అలవాటు మీద సెప్తాండా. ఆట అయిపోయి జనం పోయినాక ఆయన పోలా. తువ్వాలు తీసినాడు. బావ.

నేను మైకు గుంజ ఎనక్కు పోయినా. బావ కర్ర ఇసకలో గుచ్చి, "ఆ ముసిలోడు సచ్చే ముందర చానాసేపు ఏదో మాట్లాడతాండాడే. అది నువ్వు సెప్పలేదేమి?" అన్నాడు.

నిజమేనక్కా. ముసిలోడు కడాన మోకాళ్ల మీద కూర్చోని చానా మాట్లాడతాడు. నాకు అర్థం గాదు. అందుకని ఆడ "సంపు రాయుడూ, సంపు" అని నేనే అరిసేస్తా, జనం అందుకుంటారు.

"నాకు తెలీదు బావా" అన్నా.

"నాకు తెలుసు. రేపు మొదటాటకు నేను సెప్తా" అన్నాడు. అని ఆ ఇసకలోనే తువ్వాలు పరుసుకోని పండుకున్నాడు. అన్నం తెచ్చి పెడితే తిన్నాడు.

బుధవారం ఆట కడాకొచ్చింది. ముసిలోడు మోకాళ్ల మీద పడినాడు. బావ నా చేతిలో మైకు లాక్కున్నాడు. "ఊఁ" అన్నాడు. గుడారమంతా ఉలిక్కిపడింది, నా ఊఁ యాడ, ఆ ఊఁ యాడ! అప్పుడన్నాడక్కా:

"రాయుడూ, సంపేవోనివి సంపుదువుగానీ, ఒక మాట ఇను. నువ్వు ఎద్దులమ్మినప్పుడు మీ అక్కకు సెప్పినావు, ఊరికి సెప్పినావు, నాకు సెప్పలా. నీకు తండ్రి లేడు, నేనే పెద్దదిక్కని అనుకుంటాండా. టీ అంగట్లో ఎవడో సెప్తే తెలిసింది నాకు. గాలొస్తే లేసిపోయే గుడారం నమ్ముకోని వీడేమైపోతాడో అని నాకు నిద్ర పట్టలా. ఆ భయం నోటికి రాలా, తిట్టు వచ్చింది. గడప తొక్కొద్దంటే, నాలుగు రోజులకు వచ్చి నన్ను తిట్టి, అన్నం తిని పోతావులే అనుకున్నా. నువ్వు రాలా. నేను పిలవలా. ఇంత మీసం పెట్టుకోని ఎట్ల పిలిసేది?"

తెరమీద ముసిలోనికి గడ్డమే గానీ మీసం సన్నంది. ఎవరూ పట్టించుకోలా. వెనకనుంచి ఒకడు, "మరి గురువుకు ఇషం పోసినావే?" అని అరిసినాడు. బావ మైకులోనే, "ఆ టీ నేను కాయలేదప్పా!" అన్నాడు. జనం "అట్ల సెప్పు" అన్నారు.

మళ్ల కుప్పమ్మవ్వ లేసి నిలబడింది. పిడికిట్లో ఇసక పట్టుకోనుండాది, కొట్టలా. "సంపొద్దురా రాయుడూ! పెద్దాయప్పను వదిలెయ్యిరా!" అనింది. ఇంగ గుడారమంతా, "వదిలెయ్ రాయుడూ! వదిలెయ్!"

సినిమా ఇంటాదా? వాడు దూకనే దూకినాడు, తన్ననే తన్నినాడు. గోవిందప్ప గిర్రున తిరిగి ఆకాశం సూసి పడిపాయ. జనం నన్ను తిట్టిన తిట్లు నీకు రాయలేనక్కా. "పాపిష్టోడా! తండ్రి మాదిరి సూసుకున్న పెద్దోణ్ణి సంపితివి గదరా!" ఇసకంతా హీరో మొగాన. నేను తెర పక్కన ముడుసుకోని కూర్చోని సిన్నపిల్లోని మాదిరి ఏడస్తాండా.

బావ మైకు కింద పెట్టి, "గొంతు పట్టేసింది, టీ తెప్పించు" అన్నాడు. తెప్పించినా. తాగే ముందర వాసన సూసినాడు, అది వేరే సంగతి. తాగి, గ్లాసు నా చేతికిచ్చి, నన్ను కింద నుంచి మీది దాకా సూసి, "కమలాక్షి రొంత బరువుండాది. ఇప్పటినుంచే కుండలతో నీళ్లు మోసి కండలు పెంచు" అని బస్సెక్కి పోయినాడు.

అక్కా, గంప నాదే గదా? నేను అర్థం సేసుకున్నది సరే గదా?

నీ రాయుడు

*

పుంగనూరు,
ఏప్రిల్ 20

రాయప్పా,

నీ ఉత్తరం రోజుకొకతూరి సదువుతాండా, ప్రతితూరీ కొంగు తడుస్తాండాది. మొదట ఏడుపొచ్చింది, మళ్ల ఒళ్లు మండింది. ఇరవై రెండేండ్లు ఒక మంచం మీద పండుకున్నదాన్ని నాకు సెప్పని మాట, నేల టిక్కెట్టోళ్లందరికీ మైకులో సెప్పినాడా? కుప్పమ్మవ్వకు తెలిసింది, నాకు తెలీలా. ఉత్తరం వచ్చిన రోజే అడిగినా, "నాకూ ఒకసారి సెప్పరాదా?" అని. ఇల్లంతా కలయజూసి "మైకు యాడుండాది?" అన్నాడు. ఇంగ ఈ మనిషితో నేను ఏం మాట్లాడేది?

గంప నీదే. కమలాక్షి దాంట్లో కూర్చోని ఇప్పటికే రెండుతూర్లు కొలత సూసుకునింది. వి.కోటోనికి పందిరి పని అప్పజెప్పినాడు మీ బావ. తండ్రీ కూతుర్లు మాట్లాడుకుంటాండారు, మాట్లాడుకునేదంతా పోట్లాటే అనుకో, అయినా ఇంట్లో మనుషులుండారని తెలస్తాండాది.

పెండ్లి దాకా ఆగొద్దు, ముందే రా. పిలుపుకు రాలేదని ఎవరూ అనకూడదు, అందుకే ఇది రాస్తాండా. నీ బావ రాయమని సెప్పలా. సెప్పడు గూడా.

కానీ మూడు రోజులుగా కుప్పం బస్సు వచ్చే పొద్దుకు సరిగ్గా బస్టాండుకు పోతాండాడు. వక్కాకు తెచ్చుకునేదానికంట. ఇంట్లో తట్టనిండా ఆకులు వాడిపోతాండాయి, ఎవరు తినేది?

నీ అక్క,
బయ్యమ్మ